ఇరవై ఏడో మడిలో గొణిగిన పిట్టలు

1979 మాఘమాసం చివరి వారంలో నన్ను నాలుగో బ్లాకు కాపలాకు వేశారు. నంద్యాల నుంచి ఆళ్ళగడ్డ పోయే దారిలో, కాలువ కింద ఒక విత్తనాల ఫారం ఉండేది. అప్పటికి పదకొండేళ్ళుగా అందులో మస్టర్ రోల్ మీద పనిచేస్తున్నాను. మస్టర్ రోల్ అంటే పొద్దున హాజరు వేస్తేనే ఆ రోజుకు మనిషివి. పంట ఉన్నన్నాళ్ళు పుస్తకంలో పేరుంటుంది. కోతలు కాగానే కొట్టేస్తారు, మళ్ళీ విత్తే కాలానికి రాసుకుంటారు. మధ్యలో ఏం తిన్నావని ఎవరూ అడగరు.

నా పని పిట్టలు తోలడం. అది తేలిక పని అనుకునేవాళ్ళు చాలామంది. మామూలు చేలో అయితే నిజమే, నాలుగు గింజలు పోతే రైతు తిట్టుకుని ఊరుకుంటాడు. ఫారంలో అట్లా కుదరదు. అక్కడ ఒక్కో మడిలో ఒక్కో రకం జొన్న ఉంటుంది. ఏ రకం ఎంత పండింది, పండకపోతే దేనివల్ల పండలేదు అని తేల్చడానికే ఆ మళ్ళు. పిట్ట తిన్నది తెలియకపోతే మంచి రకం చెడ్డదైపోతుంది. అందుకని కాపలా మనిషి పిట్టను తోలితే సరిపోదు. ఏ మడిలో ఏ పిట్ట వాలిందో పూటపూటకూ పుస్తకంలో గుర్తు పెట్టాలి.

నాకు రెండో తరగతి సగం వరకే చదువు. మిగతా కాపలా ఆడవాళ్ళకు అదీ లేదు. కాబట్టి పుస్తకంలో అక్షరాలు లేవు, గుర్తులే. పిచ్చుకకు నిలువు గీత, చిలకకు కొక్కెం, జీనువాయికి చుక్క, నల్లతల పచ్చపిట్టకు సున్న. శనివారం ఫీల్డ్‌మన్ మద్దిలేటి ఆ గుర్తులను ఇంకో పుస్తకంలోకి మంచిగా ఎక్కించేవాడు. దాని కింద సూపరింటెండెంటు సంతకం పెట్టేవాడు. సంతకం పడితే ఇక ఆ గీతలు మనవి కావు, ఆఫీసువి.

ఆ మాఘంలో సూపరింటెండెంటు నన్ను పిలిపించాడు. కాపలాకు ఒక పర్మనెంటు పోస్టు వచ్చింది, నాలుగో బ్లాకు పుస్తకం ఈ సారి శుభ్రంగా ఉంటే పంటలు చూడటానికి వచ్చే కమిటీకి దాన్నే చూపి నీ పేరు పంపుతాను అన్నాడు. మా ఆయన బేతంచెర్ల బండల పనిలో నడుము పోగొట్టుకుని ఇంట్లో పడుకున్న మూడో ఏడు అది. ఇద్దరు ఆడబిడ్డలు బడికి పోతున్నారు. పర్మనెంటు అయితే కోతల తరువాత కూడా పేరుంటుంది. ఆ మాట విన్న రోజు నుంచి నాకు వేరే ఆలోచన లేదు.

నాలుగో బ్లాకులో ఇరవై ఏడో మడి మూర్తి గారిది. మడి ఫారందే, అందులో ఉన్న రకం ఆయనది. మూర్తి గారు బ్రీడింగ్ అసిస్టెంటు. రెండు రకాలను కలిపి మూడోది పుట్టించి, ఏటేటా మంచి కంకులు ఏరి దాన్ని నిలబెట్టే ఉద్యోగం. గుంటూరు వైపు మనిషి, పెద్దగా మాట్లాడేవాడు కాదు. ఎనిమిదేళ్ళుగా ఆ ఒక్క రకం వెంట పడ్డాడు. దాని కంకి ముద్దగా, గింజ మీద గింజ కుక్కినట్టు, బిగించిన పిడికిలి మాదిరి ఉండేది. అది పాలు పోసుకునే వేళకు నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

“ఓబుళమ్మా, ఉగాది అయిన వారానికి కమిటీ వస్తుంది. ఈ రకం ఉంచాలో పీకేయాలో వాళ్ళే తేలుస్తారు. దీన్ని పిట్టలపాలు కానీయకు” అన్నాడు.

“నేను వాలనిస్తేనే కద సారూ” అన్నాను.

కాపలా మనిషికి మంచె, వడిసెల, రేకు డబ్బా ఇస్తారు. వడిసెలకు రాయి వాడకూడదు, కంకి విరుగుతుంది. మేమే నల్లమట్టిని ఉండలు చేసి ఎండబెట్టుకోవాలి. తెల్లవారి మంచె ఎక్కే వేళకు కాలువ మీది మంచు చేల మీదికి పాకి ఉండేది. కంకులు మాత్రమే పైకి కనబడేవి, కింద కాండాలు లేనట్టు, గాలిలో ఎవరో వదిలేసినట్టు. తూర్పున నల్లమల కొండలు ఉన్నాయో లేవో తెలిసేది కాదు. కాసేపటికి ఒక నీలి గీత వచ్చేది, దాని కింద ఇంకో గీత, అప్పుడు గానీ అవి కొండలని నమ్మబుద్ధి అయ్యేది కాదు. నాకు నిద్ర తక్కువ. అయినా ఆ గంటలో ఉన్నది మెలకువేనా అని చాలాసార్లు నన్ను నేనే గిల్లుకున్నాను.

ఫాల్గుణంలో పిట్టలు మారతాయి. చలికాలం మన దగ్గర గడిపినవి ఉత్తరానికి తిరుగు ప్రయాణం కడతాయి. ఇంకా దక్షిణాన ఉన్నవి మన మీదుగా పోతూ నాలుగు రోజులు దిగుతాయి. పచ్చపిట్టలు మందలుగా వచ్చి, జొన్నంతా పసుపు పూసినట్టు చేసి, ఒక పొద్దున ఉన్నట్టుండి లేచిపోయేవి. ఏటా వచ్చేవాటిని రెక్క చప్పుడుతోనే చెప్పగలిగేదాన్ని. ఆ ఏడు మాత్రం నేనెరగని పిట్ట ఒకటి వచ్చింది.

మొదట చూడలేదు, విన్నాను. ఇరవై ఏడో మడి నడుమ నుంచి ఏదో మాట్లాడుతున్న చప్పుడు. కూత కాదు, పాట అనడానికీ లేదు. పక్క గదిలో నిద్రపోతున్న మనిషి కలలో ఎవరికో సంజాయిషీ చెప్పుకుంటున్నట్టు, ఆగకుండా, లోగొంతులో. చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని ఎంతసేపు విన్నానో తెలియదు. పక్క మంచె మీద హుసేన్‌బీ ఉండేది. నాకంటే చిన్నది, నోరు మాత్రం పెద్దది.

“ఏందక్కా, వడిసెల వొళ్ళో పెట్టుకోని పిట్టను చూస్తాండావా, పెండ్లికొడుకును చూస్తాండావా?” అని కేకేసింది.

“నోరు మూసుకోని డబ్బా కొట్టుమే. నీ సాళ్ళల్లో చిలకలు కాపురం పెట్టినాయి” అన్నాను.

ఉండ విసిరితే అప్పుడు కనబడింది. పిచ్చుక కంటే సన్నం. రంగంటూ లేదు, ఎండిన జొన్నాకు వెనకవైపు ఎట్లుంటుందో అంతే. పిచ్చుకైతే మందగా లేచి కంపచెట్టు మీదికి పోయి తిట్టుకుంటుంది. ఇది ఒక సాలు పక్కకు జారి “చక్” అని నాలుక చప్పరించినట్టు అని, నేను చెయ్యి దించేసరికి మళ్ళీ అదే కంకి మీద ఉంది. అట్లాంటివి ఆ మడిలో ఎన్ని ఉన్నాయో చెప్పలేను. ఒకటి కనబడితే నాలుగు వినబడేవి.

హుసేన్‌బీ మంచె దిగి వచ్చి విని, “గొణుగుడు పిట్టక్కా ఇది. అచ్చం మా అత్త. నోరు తెరవదు, గొణగడం మానదు” అంది. మా ఇద్దరికీ ఆ పేరే ఖాయమైంది.

పేరు మాకుంది గానీ పుస్తకంలో దానికి గుర్తు లేదు. మద్దిలేటిని అడిగాను.

“కంకి మీద కూచుండేది ఏదైనా దొంగే కద ఓబుళమ్మా. పిచ్చుక కింద గీకు. యాడ కొత్త గుర్తు పెడతాం, సార్‌తో తిట్లు తినేదానికా?” అన్నాడు.

నాకూ అదే సబబు అనిపించింది. ఆ పిట్ట ముక్కు కంకిలో పెట్టి పొడుస్తుండగా నా కళ్ళతో చూశాను. పొడిచేది గింజను కాకపోతే దేన్ని? నిలువు గీత పెట్టాను. ఆ పూటకు పదిహేను గీతలు.

శనివారాలు మూర్తి గారు ప్రతి మడిలో కొన్ని కంకులు పట్టి చూసి, గింజ ఎంత పోయిందో అంచనా రాసుకునేవాడు. మొదటి శనివారం ఇరవై ఏడో మడి కంకుల్లో అక్కడక్కడ సందులు. రెండో శనివారానికి కంకి పక్కలు పళ్ళూడిన నోళ్ళ లాగా ఉన్నాయి. ఆయన నా పుస్తకం తిప్పి, ఆ మడి ఎదురుగా ఉన్న గీతలు చూసి, పక్క మడికి పోయాడు. తిట్టినా బాగుండేది.

మద్దిలేటి ఊరుకోలేదు. “ఓబుళమ్మా, నువ్వు తోలుతాండావా, విస్తరేసి వడ్డిస్తాండావా?” అన్నాడు, అందరూ వినేటట్టు.

ఆ మధ్యాహ్నమే మంచె గుంజలు పీకించి ఇరవై ఏడో మడి గట్టు మీదికి మార్పించాను. మంచు ఇంకా దిగుతుండగానే ఎక్కేదాన్ని. సద్ది అక్కడే తిన్నాను. గొణుగుడు వినబడిన వైపల్లా ఉండ విసిరాను. మధ్యాహ్నానికి భుజం పడిపోయేది, ఎడమ చేత్తో విసిరేదాన్ని. మడి మధ్యలో పిట్ట నిలవలేదు. గీతలు బాగా తగ్గాయి. పుస్తకం చూస్తే మెచ్చుకోవలసిన కాపలా అది.

మూడో శనివారానికి గింజ ముందుకంటే ఎక్కువ పోయింది.

పిట్ట తగ్గితే నష్టం తగ్గాలి. పదకొండేళ్ళలో ఇట్లా జరగలేదు. మూర్తి గారు కంకిని అటూ ఇటూ తిప్పి చూసి, “పోనీలే ఓబుళమ్మా, నువ్వు చేయగలిగింది చేశావు” అన్నాడు. పిట్టకు లోకువయ్యే రకాన్ని కమిటీ ఉంచదు. పురుగుకు మందు చల్లవచ్చు, తెగులుకు మందు ఉంది, పిట్టకు మందు లేదు. ఆ మాట ఆయన చెప్పలేదు, నాకే తెలుసు.

విసిరిన ఉండల్లో పగలనివి ఏరుకోవడం నాకు అలవాటు. మట్టి ఊరికే వచ్చేదే కానీ, తడిపి ఉండ చేసి ఎండబెట్టిన చెయ్యి ఊరికే రాలేదు. ఆ సోమవారం ఉండలు వెతుకుతూ మడి ఈశాన్యం మూలకు పోయాను. అక్కడ కంచెలోని తుమ్మకొమ్మలు నాలుగు సాళ్ళ మీదికి వాలి ఉండేవి. వడిసెల ఉండ ఆ కొమ్మలకు తగిలి పడిపోతుంది గానీ కంకి దాకా పోదు. డబ్బా చప్పుడుకు కూడా అక్కడి పిట్ట బెదరదు. ఆ మూల దొంగలదే అని నేను మొదట్లోనే వదిలేశాను. మడి మధ్యనే ఇట్లుంటే అక్కడ గింజ లేని ఊచలే మిగిలి ఉంటాయనుకున్నాను.

వంగి చూస్తే ఒక్కో కంకి నిండుగా ఉంది. పిడికిలి పిడికిలిగానే ఉంది.

ఉండలు కొంగులో పోసుకుని అక్కడే నిలబడిపోయాను. నా చెయ్యి అందిన చోటల్లా గింజ పోయింది. నా చెయ్యి అందని చోట నిలిచింది.

మర్నాడు మంచె ఎక్కలేదు. మంచులో పోయి తుమ్మకొమ్మల కింద గోనె పరుచుకుని కూర్చున్నాను. వడిసెల ఇంట్లోనే పెట్టి వచ్చాను, చేతిలో ఉంటే చెయ్యి ఊరుకోదని. తెలుపూ నలుపూ కాని వెలుతురు. జొన్నాకుల చివర్ల నుంచి నీళ్ళు చుక్కచుక్కగా పడుతున్నాయి. చుట్టూ గొణుగుడు మొదలైంది, ఒకటి ఆగేలోపు ఇంకొకటి, అంచెలంచెలుగా, ఎవరో నన్ను మధ్యలో పెట్టి ఊళ్ళ పేర్లు చెప్పుకుంటున్నట్టు. అవి పోవలసిన ఊళ్ళేమో. నేను ఆళ్ళగడ్డ దాటి అహోబిలం, ఇటు నంద్యాల దాటి మహానంది తప్ప ఏ ఊరూ చూడలేదు. ఆ గొణుగుడులో తేలుతూ ఎటో పోతున్నట్టు ఉంది. కూర్చున్నది నేనా, నా గోనె ఒక్కటేనా అనిపించింది.

అప్పుడు ఒకటి నాకు బారెడు దూరంలో కంకి మీద వాలింది. ప్రాణంతో ఉన్న పిట్టను అంత దగ్గర నుంచి నేను చూసింది అదే మొదలు. ముక్కు సన్నం, కుట్టుసూది మాదిరి. పిచ్చుక ముక్కు గింజ నలిపే పట్టుకారు, ఇది అది కాదు. కంటి మీద లేతగా ఒక కనుబొమ. కాళ్ళు మాసిన గులాబి రంగు. ముక్కు మూసుకునే ఉంది, గొంతు మాత్రం వణుకుతోంది, గొణుగుడు అందులోంచే వస్తోంది. గొణుగుతూ గొణుగుతూనే మెడ చాచి కంకి సందులోకి సూదిని దూర్చి, పచ్చటి పురుగును బయటికి లాగింది. ఊచకు రెండు దెబ్బలు కొట్టి మింగి, మళ్ళీ గొణిగింది.

కదలకుండా చూస్తూనే ఉన్నాను. రెండో పురుగు, మూడో పురుగు. గింజ ముట్టలేదు. పొద్దెక్కాక మడి మధ్యకు పోయి ఒక కంకిని విరిచి రెండు బొటనవేళ్ళతో విప్పాను. లోపల పురుగులు కుప్పలుగా ఉన్నాయి. ముద్దకంకిలో బయటికి కనబడకుండా లోపల్నుంచి పాలగింజ తింటున్నాయి. మూడు వారాలు నేను ఉండలు విసిరి తోలింది వాటిని తినేవాళ్ళను.

సూపరింటెండెంటు సంతకం మూడు వారాల గీతల కింద పడి ఉంది. కమిటీ వారం రోజుల్లో వస్తుంది. మద్దిలేటికి చెప్పాను. ఆయన మంచివాడే, నోటి దురుసు అంతే. చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

“పుస్తకం శుభ్రంగా ఉండాది, సంతకాలయినాయి. నువ్వే పోయి నా గీతలు తప్పని చెప్తావా? ఆ సారుకు ఈ రకం పోతే ఇంగోటి పుట్టించుకుంటాడు. నీకు ఈ పోస్టు పోతే ఇంగోటి పుడతాదా?”

రెండు రోజులు మూర్తి గారికి చెప్పలేదు. దాచుకోవడం ఎందుకు, రెండు రోజులూ మంచె మీద వడిసెల పట్టుకుని ఊరికే కూర్చున్నాను. గొణుగుడు పిట్టలు మడి మధ్యకు తిరిగొచ్చాయి. వాటి ఎదురుగా ఏ గుర్తూ పెట్టలేదు. ఇంటికి పోతే మా ఆయన మంచం మీద నుంచి పోస్టు సంగతి అడిగేవాడు, ఇంకా తెలియదనేదాన్ని. మూడో రోజు పుస్తకంలో నా పాత గీతలు చూశాను. ఒక్కొక్కటి తిన్నగా, గట్టిగా, సందేహం లేకుండా ఉంది. ఆ గీతలు చూసి ఒక మనిషి ఎనిమిదేళ్ళ పనిని పీకి గట్టున వేస్తారు. ఇక కూర్చోలేక మూర్తి గారి గదికి పోయాను.

నేను చెప్పిందంతా విని ఆయన, “మూడు వారాలా!” అన్నాడు. కుర్చీలోంచి లేచి మళ్ళీ కూర్చున్నాడు. నన్ను తిడతాడనుకున్నాను. “నేనూ పుస్తకమే చూశాను, కంకి విప్పలేదు” అన్నాడు.

మర్నాడు ఎవరినో అడిగి పిట్టల బొమ్మల ఇంగ్లీషు పుస్తకం ఒకటి తెచ్చాడు. అందులో ఒక పేజీ నిండా ఒకే తల్లి పిల్లల్లాంటి మట్టిరంగు పిట్టలు. ఏది మాదో పేజీ చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. ఇద్దరం తుమ్మకొమ్మల కింద కూర్చున్నాం. ఆయన అడుగుతూ వేలు పెట్టి చదివేవాడు.

“కనుబొమ ఎంత దూరం ఉందమ్మా?”

“కన్ను దాటి రవ్వంత. ఆడికి నిలిచిపోతాది.”

“తోక చివర గుండ్రంగా ఉందా?”

“లేదు సారూ, కత్తిరించినట్టు ఉండాది. పక్క ఈకలకు అంచున తెల్లదారం కుట్టినట్టు.”

“పాట?”

“పాట యాడిది సారూ. లోపల్లోపల అనుకుంటాది.”

ఆయన రెండు బొమ్మల మధ్య చాలాసేపు ఊగిసలాడాడు. ఒకటి నీటి తుంగలో తిరిగేదట, దాని తోక గుండ్రం. రెండోది పొదల్లో, తుమ్మల్లో, చేలల్లో తిరిగేది, చైత్రం దాటకుండా చాలా దూరం ఉత్తరానికి పోయి అక్కడ గుడ్లు పెట్టేది, పోయే ముందు ఇక్కడే పాటను లోగొంతులో సాధన చేసుకుంటుందని ఆ పుస్తకంలో ఉందట. ఆ రెండోదాని పేరు తన కాగితం మీద పెన్సిలుతో రాశాడు. రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టాడు.

“అదెందుకు సారూ?” అన్నాను.

“చేతిలో పట్టుకుని చూస్తే గానీ రూఢిగా చెప్పలేం. అదే అనుకుంటున్నాను, అంతే” అన్నాడు.

అంత చదివిన మనిషి, ఎదురుగా పుస్తకం పెట్టుకుని, గంటసేపు చూసి కూడా అనుమానం రాసిపెట్టాడు. నేను మంచె మీద నుంచి ఒక్క చూపు చూసి పిచ్చుక అని పదిహేను గీతలు గీసినదాన్ని.

పేరు సంగతి అట్లా ఉంచి, కమిటీకి రుజువు కావాలన్నాడు. పిట్టలను కాల్చి కడుపు కోసి చూడటం ఒక పద్ధతి. ఆయనకు ఇష్టం లేకపోయింది, నాకూ లేదు. మా ఆయన పాత పంచె ఒకటి అతుకులు వేసి ఉంచాను, అది తెచ్చి రెండు సాళ్ళ మధ్య పరిచాను. రెండు పొద్దుల్లో దాని మీద పడిన రెట్టలు మూర్తి గారు భూతద్దం కింద పెట్టాడు. గింజ పొట్టు లేదు. పురుగుల తలలు, చిన్న మిడతల కాళ్ళు. పంచెను ఆయన ఉంచుకుంటానన్నాడు గానీ కమిటీ అయ్యాక అడిగి తెచ్చుకుని ఉతికి వాడాను.

కమిటీలో ముగ్గురు వచ్చారు. చెట్టు నీడన బల్ల వేసి నాలుగో బ్లాకు పుస్తకం పెట్టారు. మూర్తి గారు మూల కంకులు ఒక వైపు, మడి మధ్య కంకులు ఒక వైపు పేర్చి, విప్పి చూపించాడు. పెద్దాయన పుస్తకం తిప్పి నన్ను పిలిచాడు. సూపరింటెండెంటు నా వైపు చూడలేదు. మద్దిలేటి దూరంగా నిలబడి నేల చూస్తున్నాడు.

“ఈ గీతలు ఎవరివి?”

“నావే సార్.”

“ఇవన్నీ పిచ్చుకలేనా?”

“వేరే మళ్ళల్లోవి పిచ్చుకలే సార్. ఇరవై ఏడులోవి కావు.”

“మరి పిచ్చుక అని ఎందుకు పెట్టావు?”

“ఆ పిట్టకు గుర్తు లేకపాయ సార్. నాకు తెలవదు అని పెట్టేదానికి గూడా గుర్తు లేకపాయ.”

పిచ్చుక కింద గీకమన్నది ఎవరో నేను అనలేదు. గీసిన చెయ్యి నాది.

పెద్దాయన పక్కాయనతో ఇంగ్లీషులో ఏదో అని రాసుకున్నాడు. ఇరవై ఏడో మడి రకాన్ని ఇంకో ఏడు ఉంచాలని, సగం మడికి కాపలా లేకుండా వదిలి చూడాలని తేలింది.

జీపు వెళ్ళిపోయాక సూపరింటెండెంటు నన్ను పిలిచాడు. “రాసినదానివి నువ్వే పుస్తకం తప్పని చెప్పినాక, ఆ పుస్తకం చూపి నీ పేరు ఎట్లా పంపమంటావు?” అన్నాడు. న్యాయమైన మాటే. రెండో బ్లాకు మనిషి పేరు పంపాడు.

మర్నాడు పొద్దున మంచు లేదు. కొండలు మొదటి చూపుకే కొండల్లాగా ఉన్నాయి. ఇరవై ఏడో మడిలో చప్పుడు లేదు. తుమ్మకొమ్మల కింద చాలాసేపు కూర్చున్నాను. ఎప్పుడు లేచిపోయాయో, అన్నీ ఒక్కసారే పోయాయో, ఒకదాని తరువాత ఒకటో తెలియలేదు. అసలు వచ్చాయా అన్నంత ఖాళీగా ఉంది. హుసేన్‌బీ తన మంచె మీద నుంచి, “అత్త పోయిందా అక్కా?” అని అడిగింది. పోయిందిమే అన్నాను. ఆమె డబ్బా కొట్టలేదు, నేనూ కొట్టమనలేదు.

కోతలు కాగానే నా పేరు కొట్టేశారు. ఆ ఎండాకాలం ఆళ్ళగడ్డలో చెనక్కాయలు ఒలిచే పనికి పోయాను. మూర్తి గారి రకం తరువాతి ఏడు బాగా నిలిచింది, మూడో ఏడు కాండం బలం లేక గాలికి పడిపోతే తీసేశారు. అది పిట్టల వల్ల కాదు, నా వల్లా కాదు. నా పోస్టు 1984లో వచ్చింది. గొణుగుడు పిట్టలు కొన్ని ఫాల్గుణాల్లో వచ్చాయి, కొన్నింట్లో రాలేదు.

ఈ సంగతి వల్ల నేర్చుకున్నది ఒకటే. కాపలా పుస్తకంలో ఎరిగిన పిట్టలకు ఎన్ని గుర్తులున్నా, ఎరగనిదానికి ఒక గుర్తు ఉండాలి. లేకపోతే మనిషి ఉన్న గుర్తుల్లో ఏదో ఒకటి పెట్టేస్తాడు. పర్మనెంటు అయ్యాక కొత్త ఆడవాళ్ళకు పని నేర్పే బాధ్యత నాకు ఇచ్చారు. అప్పుడు పుస్తకంలో ఖాళీ గడి ఒకటి గీయించాను. తెలియని పిట్ట వాలితే ఆ గడి పెట్టాలి, మంచె దిగి దగ్గరికి పోయి చూడాలి, చూశాక కూడా తెలియకపోతే గడిని అట్లాగే వదలాలి. పంటకాలం మొత్తం మీద ఒక్క ఖాళీ గడి కూడా లేని పుస్తకాన్ని ఎవరైనా తెచ్చిస్తే, ముందుగా వాళ్ళ మళ్ళకే పోయి కంకులు విప్పి చూసేదాన్ని.